నెత్తుటి చుక్కలో గణితం

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: విజ్ఞానశాస్త్ర వ్యాసం.

వైద్యాలయంలో ఇచ్చే రక్తపరీక్ష కాగితం మీద కొన్ని అంకెలు ఉంటాయి. ఆ అంకెలను చూచి ఇంటిల్లిపాది ఊరట చెందడమో, ఆందోళన పడడమో జరుగుతుంది. అవి ఏ విధంగా పుట్టాయి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు అనే ప్రశ్నలకు ఈ పాఠం సమాధానం చెబుతుంది. కొలతను గౌరవించడం, ఆ కొలతకున్న హద్దును గుర్తించడం అనే రెండూ శాస్త్రీయదృష్టికి అవసరమని విద్యార్థులు గ్రహించాలనేది పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠం

మెతుకు పట్టి చూడడం

చిత్తూరు నుంచి బెంగుళూరుకు పోయే రహదారి మీద బంగారుపాళ్యం ఉన్నది. మామిడికాయల మార్కెట్టుకు ఆ ఊరు పేరుపొందినది. తోతాపురి కాయలు కోతకు వచ్చిన రోజులలో చుట్టుపట్ల గ్రామాల రైతులు బండ్లకొద్దీ కాయలు తెచ్చి అక్కడ అమ్ముతారు. కొనేవాడు ప్రతి కాయనూ చేతిలోకి తీసుకొని చూడలేడు. అక్కడక్కడ కొన్ని కాయలు తీసి, వాటి బరువు, పక్వం, మచ్చలు గమనించి, మొత్తం సరుకు మంచిచెడ్డలను అంచనా కడతాడు. పైన కనిపించే కాయలను మాత్రమే చూచినవాడు మోసపోవచ్చు. అడుగునుంచి, నడుమనుంచి, అంచులనుంచి తీసి చూచినవాడి అంచనా నిజానికి దగ్గరగా ఉంటుంది.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకొనడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన పెద్దలు అంటారు. ఈ మాటలో పైకి చెప్పని ఒక నియమం ఉన్నది. కుండలోని అన్నమంతా సమంగా ఉడికినప్పుడే ఒక మెతుకు తక్కిన మెతుకులకు ప్రతినిధి కాగలదు. రక్తకణాలను లెక్కించే విద్యకు ఈ నియమమే మూలాధారం.

పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో ఒక్క ఘన మిల్లీమీటరులో, అనగా ఆవగింజకంటె చిన్న బిందువులో, 45 లక్షల నుంచి 50 లక్షల వరకు ఎర్రకణాలు ఉంటాయి. ఆ లెక్కన శరీరంలోని ఎర్రకణాల సంఖ్య ఇంచుమించు 25 లక్షల కోట్లు. వీటిని ఒక్కొక్కటిగా లెక్కించడం ఎవరికీ సాధ్యం కాదు. కాబట్టి మెతుకు పట్టి చూడవలసిందే. ఆ మెతుకును ఎట్లా పట్టాలి, దాన్ని చూచి ఎంత ధైర్యంగా మాట్లాడాలి అనేవే అసలు ప్రశ్నలు.

మూడు రకాల కణాలు

రక్తంలో ముఖ్యంగా మూడు విధాలైన కణాలు ఉన్నాయి. ఎర్రకణాలు ప్రాణవాయువును మోస్తాయి. తెల్లకణాలు రోగక్రిములతో పోరాడతాయి. రక్తఫలకికలు, అనగా వాడుకలో ప్లేట్‌లెట్లు, గాయమైన చోట రక్తం గడ్డకట్టడానికి తోడ్పడతాయి. ఆరోగ్యవంతుల రక్తంలో ఘన మిల్లీమీటరుకు తెల్లకణాలు 4,000 నుంచి 11,000 వరకు, ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. ఎర్రకణాలు తగ్గితే రక్తహీనత కలుగుతుంది. తెల్లకణాలు పెరిగితే శరీరంలో ఎక్కడో చీము పట్టిందనో, మరొక వ్యాధి ఉన్నదనో వైద్యుడు అనుమానిస్తాడు. ప్లేట్‌లెట్లు మరీ తగ్గితే రక్తస్రావం జరుగుతుందేమోనని జాగ్రత్తపడతాడు. ఈ విధంగా మూడు లెక్కలు మూడు వేర్వేరు కథలు చెబుతాయి.

లెక్కకు పునాది వేసినవారు

సూక్ష్మదర్శినిలో రక్తకణాలను పదిహేడవ శతాబ్దిలోనే చూడగలిగారు. కాని చూడడం వేరు, లెక్కించడం వేరు. జర్మనీలోని ట్యూబింగెన్ నగరంలో వైద్యశాస్త్ర ఆచార్యుడైన కార్ల్ ఫీరోర్ట్ 1852లో తొలిసారిగా రక్తకణాలను లెక్కించే పద్ధతిని ప్రకటించాడు. సన్నని గాజుగొట్టంలో కొలిచి తీసిన రక్తాన్ని పలక మీద పరచి, గళ్ళ సహాయంతో కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. ఒక్క పరీక్షకు గంటలకొద్దీ కాలం పట్టేది. ఫ్రాన్సులో మలస్సే, హయెం అనే వైద్యులు, ఇంగ్లండులో గవర్స్ ఈ పద్ధతిని సులభతరం చేశారు. ఆ తరువాత థోమా, న్యూబవర్ అనేవారు గళ్ళపలకకు ఇప్పటి రూపం తెచ్చారు. నేటికీ చిన్న ప్రయోగశాలలలో, కళాశాలలలో వాడుతున్న గళ్ళపలకకు న్యూబవర్ పేరే నిలిచిపోయింది.

గళ్ళపలక పనిచేసే తీరు

ఈ పలక మందమైన గాజుబిళ్ళ. దాని నడుమ 3 మిల్లీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్ల వెడల్పు గల చదరం మీద అతిసన్నని గీతలు గీసి ఉంటాయి. ఆ చదరం తొమ్మిది పెద్దగళ్ళుగా విభజింపబడి ఉంటుంది. పైన పలుచని గాజుమూత పెట్టినప్పుడు పలకకు, మూతకు నడుమ సరిగా 0.1 మిల్లీమీటరు లోతు ఏర్పడుతుంది. గడి పొడవు, వెడల్పు, లోతు మూడూ తెలిసినవే కాబట్టి గడిలో పట్టే ద్రవం ఎంతో కూడ తెలిసినట్లే.

రక్తాన్ని ఉన్నదున్నట్లుగా పలక మీద పోస్తే కణాలు ఒకదానిపై ఒకటి పడి లెక్కకు అందవు. అందుచేత ముందుగా రక్తాన్ని పలుచన చేస్తారు. తెల్లకణాల కోసం రక్తాన్ని 20 రెట్లు పలుచన చేసి, మూలలలోని నాలుగు పెద్దగళ్ళలో కనిపించే కణాలను లెక్కిస్తారు. ఆ ద్రవంలోని ఆమ్లం ఎర్రకణాలను కరిగిస్తుంది. నాలుగు గళ్ళలో పట్టే ద్రవం 0.4 ఘన మిల్లీమీటరు. కాబట్టి లెక్కకు వచ్చిన సంఖ్యను 50తో హెచ్చిస్తే ఘన మిల్లీమీటరు రక్తంలోని తెల్లకణాల సంఖ్య వస్తుంది. 100 కణాలు కనిపిస్తే ఫలితం 5,000.

ఎర్రకణాలు చాలా ఎక్కువ కాబట్టి 200 రెట్లు పలుచన చేస్తారు. నడిమి పెద్దగడిలో 400 చిన్నగళ్ళు ఉంటాయి. వాటిలో 80 గళ్ళను మాత్రమే చూచి, వచ్చిన సంఖ్యను 10,000తో హెచ్చిస్తారు. 500 కణాలు కనిపిస్తే ఫలితం 50 లక్షలు.

గీత మీద కూర్చున్న కణాన్ని ఏ గడిలో చేర్చాలి? దీనికి ఒక కట్టుబాటు ఉన్నది. పైగీతను, ఎడమగీతను తాకే కణాలను లెక్కలోనికి తీసుకోవాలి. క్రిందిగీతను, కుడిగీతను తాకేవాటిని విడిచిపెట్టాలి. లేకపోతే ఒకే కణం రెండు గళ్ళలో రెండుసార్లు లెక్కకు వస్తుంది. పొలం గట్టు ఎవరి చేనులోనిదో ముందే తేల్చుకొన్నట్లు ఇది.

ఇక్కడ ఒక విషయాన్ని నిదానంగా ఆలోచించాలి. 80 చిన్నగళ్ళలో మనం నిజంగా చూచిన రక్తం ఘన మిల్లీమీటరులో పదివేలవ వంతు. శరీరంలోని మొత్తం రక్తంతో పోలిస్తే అది 5,000 కోట్లలో ఒక భాగం. ఒక్క కణాన్ని అదనంగా లెక్కించినా, విడిచిపెట్టినా ఫలితంలో 10,000 తేడా వస్తుంది. ఇంత చిన్న కిటికీలోనుంచి అంత పెద్ద లోకాన్ని చూస్తున్నప్పుడు కిటికీ అద్దం శుభ్రంగా ఉన్నదో లేదో విచారించడం అవసరం.

చేతివల్ల వచ్చే తప్పులు

తప్పులు రెండు విధాలు. చేతివల్ల వచ్చేవి మొదటి రకం. వీటిని శ్రద్ధతో తొలగించవచ్చు.

వేలి కొనను గుచ్చినప్పుడు మొదటి చుక్కను తుడిచివేయాలి. రక్తం రావడంలేదని వేలిని గట్టిగా పిండితే కణజాలంలోని నీరు కలిసి రక్తం పలుచబడుతుంది, లెక్క తగ్గిపోతుంది. సిరనుంచి తీసిన రక్తాన్ని గడ్డకట్టనివ్వని మందుతో వెంటనే కలియబెట్టకపోతే చిన్నచిన్న గడ్డలు ఏర్పడి కణాలను పట్టి ఉంచుతాయి. పరీక్షకు ముందు సీసాను మెల్లగా తిప్పి కలపకపోతే కణాలు అడుగుకు చేరుతాయి. పలుచన చేసే గొట్టంలో రక్తం గీత దాటి వెంట్రుకవాసి పైకి పోయినా ఫలితం మారుతుంది. పలక మీద ద్రవం పొంగి పొర్లినా, కణాలు కుదురుకొనకముందే లెక్కించినా అంతే.

ఇవి చిన్న విషయాలుగా కనిపించవచ్చు. కాని రక్తాన్ని తీసే పద్ధతి దేశవ్యాప్తమైన గణాంకాలను సైతం చర్చకు లోను చేయగలదు. 2019-21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఆ సర్వేలో వేలి కొననుంచి తీసిన రక్తంలో హిమోగ్లోబిన్‌ను కొలిచారు. సిరనుంచి తీసిన రక్తంతో కొలిస్తే ఇదే ఫలితం వస్తుందా అని శాస్త్రవేత్తలు ప్రశ్నించారు. తరువాత హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిరనుంచి తీసిన రక్తాన్ని పరీక్షించే మరొక సర్వేను చేపట్టింది. రక్తహీనత లేదనుట ఈ చర్చ సారాంశం కాదు. ఉన్న కష్టాన్ని ఉన్నంతగానే కొలవాలనుట దాని సారాంశం.

యాదృచ్ఛికంగా వచ్చే తప్పు

రెండవ రకం తప్పు మరింత సూక్ష్మమైనది. రక్తం చక్కగా తీశారు, చక్కగా కలిపారు, పలక శుభ్రంగా ఉన్నది, లెక్కించినవాడు నిపుణుడు. అయినప్పటికీ అదే రక్తాన్ని మరల లెక్కిస్తే అదే సంఖ్య రాదు. ఎందువల్ల? ద్రవంలో కణాలు వరుసతీరి నిలబడవు. వాకిట్లో వాన మొదలైనప్పుడు చినుకులు ఒక్కొక్క బండ మీద ఒక్కొక్క విధంగా పడినట్లు, కణాలు కూడ ఒక గడిలో ఎక్కువగా, మరొక గడిలో తక్కువగా పడతాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు.

ఈ హెచ్చుతగ్గులకు కూడ ఒక క్రమమున్నదని కనుగొనడం గణితశాస్త్రం సాధించిన విజయం. డబ్లిన్ నగరంలోని గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం సీలీ గాసెట్, రక్తం కోసం తయారైన గళ్ళపలకలో మద్యం పులియబెట్టే ఈస్టు కణాలను లెక్కించాడు. 400 గళ్ళలో ఏ గడిలో ఎన్ని కణాలు పడ్డాయో నమోదుచేసి, ఆ లెక్కలో రాగల దోషాన్ని గురించి 1907లో 'స్టూడెంట్' అనే మారుపేరుతో వ్యాసం ప్రకటించాడు.

దీనినుంచి వచ్చే సూత్రం గుర్తుంచుకొనడానికి సులభమైనది. మీరు లెక్కించిన కణాల సంఖ్యకు వర్గమూలం కట్టండి. యాదృచ్ఛికంగా రాగల తేడా ఇంచుమించు అంత. 100 కణాలను లెక్కిస్తే తేడా 10, అనగా నూటికి పది. 400 కణాలను లెక్కిస్తే తేడా 20, అనగా నూటికి అయిదు. 10,000 కణాలను లెక్కిస్తే తేడా 100, అనగా నూటికి ఒకటి. దోషాన్ని సగం చేయాలంటే శ్రమను నాలుగింతలు చేయాలి. నూటికి తొంభై అయిదుసార్లు నిజమైన విలువ దీనికి రెట్టింపు తేడాలోపల ఉంటుంది. కాబట్టి 100 కణాలను చూచి "తెల్లకణాలు 5,000" అని వ్రాసిన కాగితం నిజంగా చెబుతున్నది "4,000కు 6,000కు నడుమ" అని మాత్రమే.

లెక్కించేవాడు ఇంకా తెలివైన పద్ధతి కనిపెట్టి ఈ హద్దును దాటగలడా? ఈ ప్రశ్నకు సాధారణరూపంలో సమాధానం చెప్పినవారు తెలుగువారే కావడం మనకు గర్వకారణం. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో నేటి కర్ణాటకలోని హడగళిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరారు. ఒక నమూనాలో ఉన్న సమాచారాన్నిబట్టి ఏ నిష్పాక్షికమైన అంచనాకైనా దోషం ఒక హద్దుకంటె తగ్గదని ఆయన 1945లో నిరూపించారు. స్వీడన్ శాస్త్రవేత్త క్రామర్ పేరుతో కలిపి దానిని క్రామర్-రావు అసమానత అంటారు. కణాల లెక్కకు దానిని అన్వయిస్తే పైన చెప్పిన వర్గమూల సూత్రమే ఆ హద్దు అవుతుంది. కొన్ని కణాలనే చూచి ఎక్కువ కచ్చితత్వాన్ని పొందే ఉపాయం లేదు. మరిన్ని కణాలను చూడడమే మార్గం. రావుగారికి 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారం లభించింది. ఆ సంవత్సరమే ఆగస్టులో 102 ఏండ్ల వయస్సులో ఆయన కన్నుమూశారు.

లెక్క నిలబెట్టిన ఔషధాలు

కణాల లెక్క రోగాన్ని గుర్తించడంతో ఆగిపోదు. మందు పనిచేసిందో లేదో చెప్పే సాక్ష్యం కూడ అదే. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీస్త్రీలకు వచ్చే ఒక రకమైన రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించింది. ఎర్రకణాల లెక్క పెరగడమే ఆమెకు దొరికిన ఆధారం. ఆ సారంలో పనిచేసిన పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది.

భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయడంలో కృతకృత్యమైంది. ఆ వార్త వెలువడినది కూడ 1945లోనే. ఆపైన ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్ అనే మందు అదే ప్రయోగశాలలో రూపొందింది. దానిని బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు తెల్లకణాల కాన్సరుతో బాధపడుతున్న పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా మేలు కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. అంతవరకు ఆ వ్యాధికి చికిత్స అన్నదే లేదు. మేలు కలిగిందని చెప్పడానికి ఆధారమైనవి రక్తంలోని, ఎముక మజ్జలోని కణాల పరీక్షలే. లెక్క తప్పి ఉంటే పనిచేసే మందును పారవేసి ఉండేవారు, లేదా పనిచేయని మందును పట్టుకొని వ్రేలాడి ఉండేవారు.

యంత్రం వచ్చిన తరువాత

వాలెస్ కౌల్టర్ అనే అమెరికా ఇంజనీరు కణాలను లెక్కించే యంత్రానికి 1953లో పేటెంటు పొందాడు. ఉప్పునీటిలో పలుచన చేసిన రక్తాన్ని అతిసన్నని రంధ్రంగుండా పంపుతూ అందులో విద్యుత్తును ప్రవహింపజేస్తారు. కణం విద్యుత్తును సరిగా ప్రసరింపనీయదు. కాబట్టి ఒక్కొక్క కణం రంధ్రాన్ని దాటినప్పుడల్లా విద్యుత్తుకు అడ్డు కలిగి ఒక సంకేతం పుడుతుంది. సంకేతాల సంఖ్య కణాల సంఖ్యను, సంకేతం ఎత్తు కణం పరిమాణాన్ని తెలుపుతాయి. మనిషి వందలలో లెక్కిస్తే యంత్రం కొన్ని క్షణాలలో వేలకొలది కణాలను లెక్కిస్తుంది. అందుచేత యాదృచ్ఛిక దోషం చాలావరకు తగ్గిపోతుంది.

కాని యంత్రానికి కణం ముఖం తెలియదు. పరిమాణం మాత్రమే తెలుస్తుంది. గోదాము ద్వారం దగ్గర కూర్చొని, బస్తా మోసుకొని లోపలికి పోయేవారిని లెక్కించే గుమాస్తావంటిది అది. ఇద్దరు పక్కపక్కనే దూరితే ఒకరుగా లెక్కించవచ్చు. ఈ లోపాన్ని గణితంతో సవరిస్తారు. చిన్నవిగా ముక్కలైన ఎర్రకణాలను అది ప్లేట్‌లెట్లుగా పొరబడవచ్చు. మామూలుకంటె పెద్దవైన ప్లేట్‌లెట్లను విడిచిపెట్టవచ్చు. కొందరి రక్తంలో గడ్డకట్టనివ్వకుండా కలిపే ఇ.డి.టి.ఏ. అనే రసాయనం వల్లనే ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుపోతాయి. యంత్రం ఒక్కొక్క గుంపును ప్లేట్‌లెట్‌గా గుర్తించలేక, లెక్కను చాలా తక్కువగా చూపుతుంది. శరీరంలో కొరత లేదు. సీసాలో మాత్రమే కొరత.

ఇటువంటి సందర్భంలో పాతపద్ధతే ఆదుకొంటుంది. గాజుపలక మీద రక్తపుపూత తీసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తే గుంపులు కంటికి కనిపిస్తాయి. గుంపులు లేని పూతలో నూనె చుక్క వేసి చూచే పెద్ద కటకం క్రింద ఒక్కొక్క దృశ్యంలో సగటున కనిపించే ప్లేట్‌లెట్లను 15,000తో హెచ్చిస్తే స్థూలమైన అంచనా వస్తుంది. యంత్రం 40,000 అని చూపిన రక్తంలో దృశ్యానికి ఎనిమిది చొప్పున కనిపిస్తే అసలు లెక్క 1,20,000 దగ్గర ఉన్నదన్నమాట. అప్పుడు వేరొక రసాయనం ఉన్న సీసాలో రక్తం తీసి మరల పరీక్షిస్తారు.

జ్వరం వచ్చిన ఇంట

ఈ శాస్త్రమంతా సామాన్యుడి గడపకు చేరేది జ్వరాల కాలంలో. బంగారుపాళ్యం సమీపంలోని ఒక పల్లెలో బిడ్డకు డెంగీ జ్వరం సోకిందని ఊహించుకొందాం. నిన్న సాయంత్రం చేతిలెక్కలో ప్లేట్‌లెట్లు 40,000. ఈ ఉదయం 32,000. ఇంటివారు భయపడ్డారు. బాడుగ కారు పిలిచి తిరుపతిలోని స్విమ్స్‌కు పోవాలా, వేలూరులోని క్రైస్తవ వైద్యకళాశాలకు పోవాలా అని తర్జనభర్జన పడుతున్నారు. అవ్వ ప్రయోగశాలలోని యువకుణ్ణి అడిగింది.

"ఏం నాయనా, నిన్న నలభై వేలుండె. ఈ పొద్దు ముప్పైరెండు వేలంటుండావు. బిడ్డను వేలూరికి తీసకపోవాల్నా?"

"ఉండవ్వా. చేత్తో లెక్కేసినప్పుడు ఈ మాత్రం తేడా వస్తుంది. బిడ్డకు ఎక్కడన్నా నెత్తురు పడతా ఉండాదా, కడుపునొప్పి ఉండాదా, అది చెప్పు ముందు. డాక్టరమ్మ చూసి చెప్తాది."

ఆ యువకుడి మాటలో గణితం ఉన్నది. ప్లేట్‌లెట్ల కోసం రక్తాన్ని 100 రెట్లు పలుచన చేసి, ఒక పెద్దగడిలో కనిపించే సంఖ్యను 1,000తో హెచ్చిస్తారు. కాబట్టి 40,000 అంటే అతడు చూచినవి 40 కణాలు. 32,000 అంటే 32 కణాలు. రెండింటికీ తేడా 8. అటువంటి రెండు లెక్కల నడుమ యాదృచ్ఛికంగానే ఎనిమిది, తొమ్మిది కణాల తేడా రావచ్చు. ప్లేట్‌లెట్లు తగ్గాయని కాని, తగ్గలేదని కాని ఈ రెండు సంఖ్యలు చెప్పలేవు.

అట్లని అజాగ్రత్త పనికిరాదు. విడువని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ళనుంచి, ముక్కునుంచి రక్తం కారడం, మగత, రక్తం చిక్కబడుతూ ప్లేట్‌లెట్లు వేగంగా పడిపోవడం అనేవి డెంగీలో ప్రమాదసూచనలు. జ్వరం తగ్గిన వెంటనే వచ్చే ఒకటి రెండు రోజులే చాలామందిలో గడ్డుకాలం. ఈ సూచనలలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం లేకుండా వైద్యాలయానికి చేర్చాలి. రక్తస్రావం లేని రోగికి కేవలం అంకెను చూచి ప్లేట్‌లెట్లు ఎక్కించడంవల్ల మేలు కలుగుతుందా అని సింగపూరు, మలేషియా వైద్యులు పరిశోధించారు. లెక్క 20,000కు దిగిన పెద్దలలో సైతం రక్తస్రావాన్ని నివారించడంలో అదనపు ప్రయోజనం కనిపించలేదని, దుష్ఫలితాలు మాత్రం ఎక్కువయ్యాయని 2017లో ప్రకటించారు. వైద్యుడు అంకెను, రోగిని కలిపి చూస్తాడు. అంకెను మాత్రమే చూచేవారు ఒక్కొక్కప్పుడు అప్పు చేసి అవసరంలేని ప్రయాణం చేస్తారు. ఒక్కొక్కప్పుడు అవసరమైన ప్రయాణాన్ని మానుకొంటారు. రెండూ నష్టమే.

ముగింపు

మంచి ప్రయోగశాల తన లెక్కను తానే శంకిస్తుంది. విలువ ముందే తెలిసిన రక్తనమూనాతో యంత్రాన్ని ప్రతిదినం పరీక్షిస్తుంది. ఒకే నమూనాను పలు ప్రయోగశాలలకు పంపి ఫలితాలను పోల్చే ఏర్పాట్లలో పాల్గొంటుంది. అనుమానం కలిగితే పూత తీసి కంటితో చూస్తుంది. ఈ పనులేవీ రోగికి ఇచ్చే కాగితం మీద కనిపించవు. కాని ఆ కాగితానికి విలువ వచ్చేది వీటివల్లనే.

విద్యార్థులలో కొందరు రేపు ప్రయోగశాలలలో పనిచేయవచ్చు. అందరూ ఏనాడో ఒకనాడు రక్తపరీక్ష కాగితాన్ని చేతపట్టుకొని నిలబడతారు. అప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ రక్తాన్ని ఎట్లా తీశారు? ఎన్ని కణాలను చూచి ఈ సంఖ్య చెప్పారు? రోగి పరిస్థితికి ఈ సంఖ్య సరిపోతున్నదా? ఈ ప్రశ్నలు వైద్యుణ్ణి అవమానించేవి కావు. తన కొలత హద్దు తెలిసిన వైద్యుడు వీటిని ఆదరంతో వింటాడు.

అభ్యాసం

అ. కఠిన పదాలు – అర్థాలు

గణనం – లెక్కించడం
యాదృచ్ఛికం – తలవని తలంపుగా జరిగేది
నమూనా – మొత్తంలోనుంచి పరీక్షకు తీసిన భాగం
వర్గమూలం – తనతో తానే హెచ్చింపబడి ఇచ్చిన సంఖ్యకు సమానమయ్యే సంఖ్య
నిష్పాక్షికం – ఒకవైపు మొగ్గు చూపనిది
మజ్జ – ఎముకల లోపలి మెత్తని పదార్థం
తర్జనభర్జన – ఎటూ తేలని వాదోపవాదం
బాడుగ – అద్దె

ఆ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. గళ్ళపలకతో రక్తకణాలను లెక్కించే విధానాన్ని వివరించి, ఆ లెక్కలో వచ్చే రెండు రకాల తప్పులను ఉదాహరణలతో తెలపండి.
2. "వైద్యుడు అంకెను, రోగిని కలిపి చూస్తాడు." పాఠం ఆధారంగా చర్చించండి.

ఇ. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు

1. కణాల లెక్కకు, క్రామర్-రావు అసమానతకు గల సంబంధమేమిటి?
2. యంత్రం ప్లేట్‌లెట్లను తక్కువగా చూపడానికి కారణాలు వ్రాయండి.
3. ఫార్బర్ చికిత్సలో కణాల లెక్క ప్రాముఖ్యాన్ని తెలపండి.

ఈ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. రక్తకణాలను లెక్కించే పద్ధతిని తొలిసారి ప్రకటించినదెవరు?
2. గాసెట్ గళ్ళపలకలో ఏ కణాలను లెక్కించాడు?
3. 400 కణాలను లెక్కించినప్పుడు యాదృచ్ఛిక దోషం నూటికి ఎంత?

ఉ. సందర్భ సహిత వ్యాఖ్యలు

1. శరీరంలో కొరత లేదు. సీసాలో మాత్రమే కొరత.
2. చేత్తో లెక్కేసినప్పుడు ఈ మాత్రం తేడా వస్తుంది.

ఊ. వ్యాకరణం

సంధులు: పోషకాహారం = పోషక + ఆహారం – సవర్ణదీర్ఘసంధి; లేదనుట = లేదు + అనుట – ఉత్వసంధి. ఈ విధంగా 'మూలాధారం', 'వైద్యాలయం' అనే పదాలను విడదీసి సంధుల పేర్లు వ్రాయండి.

సమాసాలు: మంచిచెడ్డలు – మంచియును, చెడ్డయును – ద్వంద్వ సమాసం, ఎర్రకణాలు – ఎర్రనైన కణాలు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం. ఈ విధంగా 'హెచ్చుతగ్గులు', 'నాలుగు గళ్ళు' అనే వాటికి విగ్రహవాక్యాలు వ్రాసి సమాసాల పేర్లు తెలపండి.